గోడకు చెవులు పెట్టడం ఎలా: సైన్స్ ఫిక్షన్ కథలో టెక్నాలజీని నిలబెట్టే పద్ధతి

"మంచి ఐడియా ఉందండీ. ఎదుటివాళ్ల మనసులో మాట వినిపించే హెడ్‌ఫోన్స్. కానీ కథ మూడో పేజీ దాటడం లేదు, ఏం చేయమంటారు?"

ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఒకరికి హెడ్‌ఫోన్స్, ఇంకొకరికి టైమ్ మెషీన్, మరొకరికి మనిషిని మాయం చేసే చొక్కా. వస్తువు మారుతుంది కానీ కథ ఆగిపోయే చోటు మారదు. విడివిడిగా జవాబులు రాసీ రాసీ ఓపిక అయిపోయింది కాబట్టి మొత్తం పద్ధతి ఒకేచోట పెడుతున్నాను.

నేను చూసినంతలో ఐడియా బాగోలేక ఆగిపోయిన కథలు తక్కువ. యంత్రం ఏమేం చేయగలదో పది పేజీలు ఆలోచించి, ఏం చేయలేదో అర నిమిషం కూడా ఆలోచించకపోవడం వల్ల ఆగినవే ఎక్కువ. నా మొదటి కథే చూడండి. 2200వ సంవత్సరం. ఎగిరే కార్లు, వంట చేసే రోబోలు, అన్నీ ఉన్నాయి. హీరో ఒక రహస్యం చెప్పడానికి నగరం ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తుతాడు. వెళ్లేసరికి ఆలస్యమైపోతుంది, ఆ అమ్మాయి వెళ్లిపోతుంది. చదివినవాళ్లు ఏడ్చేస్తారనుకున్నాను. కథ తిరిగొచ్చింది. ఎడిటర్ గారు మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క ముక్క రాశారు: "మరి ఫోన్ చేయొచ్చు కదా?"

ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో దాంతో పని ఉంది.

కావలసినవి

- ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా తప్పులేదు, కానీ కొట్టేసినవి కూడా కనబడుతూ ఉంటే మంచిది. కొట్టేసినవే తర్వాత పనికొస్తాయి.
- కాలిక్యులేటర్.
- ఇద్దరు పాఠకులు. ఒకరు సైన్స్ ఫిక్షన్ వాసన కూడా తెలియనివాళ్లు. ఇంకొకరు ప్రతిదానికీ వంక పెట్టేవాళ్లు. రెండో రకం ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, వెతుక్కోనక్కర్లేదు.
- ఒక వారం.

సైన్స్ డిగ్రీ అక్కర్లేదు. గుణకారాలు, భాగహారాలు వస్తే చాలు.

ఉదాహరణకు ఒక వస్తువు కావాలి కాబట్టి, "గోడలకు చెవులుంటాయి" అన్న మాటను అక్షరాలా నిజం చేసేద్దాం. అరచేయంత రేకు ఒకటి ఉంది. గోడకు ఆనిస్తే, ఆ గదిలో ఇంతకుముందు అయిన చప్పుళ్లు, మాటలు తిరిగి వినిపిస్తుంది. పేరు తర్వాత పెడదాం.

1. ఒకే ఒక్క అబద్ధం ఎంచుకోండి

మీ టెక్నాలజీని ఒక్క వాక్యంలో రాయండి. "ఇది ఫలానాదాన్ని ఫలానా చేస్తుంది", అంతే. ఎలా చేస్తుందో రాయకండి. "ఈ రేకు గదిలో గతంలో అయిన చప్పుళ్లు వినిపిస్తుంది." ఇది చాలు.

వాక్యంలో "ఇంకా", "అంతేకాక" వస్తే ఆగండి. మీ దగ్గర రెండు యంత్రాలున్నాయి. పాఠకుడు ఒక అబద్ధాన్ని సంతోషంగా మింగుతాడు. రెండోది వచ్చేసరికి మొదటిదాన్ని కూడా అనుమానిస్తాడు.

మీ కథ వెయ్యేళ్ల తర్వాత జరిగితే ఒక్క వస్తువుతో సరిపోదు, నిజమే. అప్పుడు కూడా కథను కదిలించేది ఒకటే పెట్టుకుని, మిగతావాటిని ఇంట్లో ఫ్యాన్, కుర్చీల్లాగా చూడండి. ఫ్యాన్ ఎలా తిరుగుతుందో ఏ కథలోనూ ఎవరూ వివరించరు కదా.

2. తీసేసి చూడండి

కథ సారాంశం ఐదు వాక్యాల్లో రాసి, యంత్రం ఉన్న చోట మామూలు వస్తువు పెట్టండి. అంతరిక్ష నౌక బదులు రైలు, రోబో బదులు పనిమనిషి, గ్రహాంతరవాసి బదులు పక్కింటివాడు. కథ చెక్కుచెదరకుండా నిలబడితే మీకు టెక్నాలజీ అవసరం లేదు. మంచి రైలు కథ ఉంది, అదే రాసుకోండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రేకు బదులు సీక్రెట్ కెమెరా పెట్టి చూశాను. మొదటి ప్రయత్నంలో కథ హాయిగా నిలబడిపోయింది! అంటే రేకు అప్పటికి కెమెరాకు ముద్దుపేరు మాత్రమే. కెమెరాకూ రేకుకూ తేడా తెచ్చేది తర్వాతి మెట్టే.

3. ఏం చేయలేదో రాయండి

ఇక్కడ ఒక రోజంతా గడిపినా తప్పులేదు. కనీసం మూడు పరిమితులు రాయాలి. "చాలా ఖరీదు", "బ్యాటరీ త్వరగా అయిపోతుంది" లాంటివి ఒప్పుకోను. అవి ఏ వస్తువుకైనా ఉంటాయి. మీ వస్తువుకు మాత్రమే ఉండే పరిమితి కావాలి.

రేకుకు నేను పెట్టినవి:

- చప్పుళ్లు గోడలో పొరలు పొరలుగా ఉంటాయి. పైపొర అన్నిటికంటే కొత్తది. పాత మాట వినాలంటే పైవన్నీ వినాల్సిందే, దాటేసి వెళ్లడం కుదరదు.
- విన్న పొర చెరిగిపోతుంది. రెండోసారి వినడం ఉండదు.
- గంటసేపు జరిగిన చప్పుడు వినడానికి గంట పడుతుంది. నిశ్శబ్దం మాత్రం లెక్కలోకి రాదు.

ఇప్పుడు కెమెరా గుర్తుకు రాదు చూడండి. చనిపోయిన తల్లి చివరి మాట గోడలో ఉంది. దాని మీద మూడేళ్ల ఇంటి గొడవలు పేరుకుని ఉన్నాయి. అది కావాలంటే ఇవన్నీ వినాలి, చెరిపేయాలి. కథ దానంతటదే లేచి కూర్చుంది.

ఈ పాఠం నాకు కొత్తగా తట్టిందేమీ కాదు. 1942లో అచ్చయిన ఐజాక్ అసిమోవ్ "రనెరౌండ్" కథలో రోబోల మూడు సూత్రాలు మొదటిసారి స్పష్టంగా కనిపిస్తాయి. మనిషికి హాని చేయకూడదు, మనిషి మాట వినాలి, తనను తాను కాపాడుకోవాలి. చదవగానే పకడ్బందీగా అనిపిస్తాయి. కానీ ఆ కథ నడిచేదే వాటి మధ్య ఇరుక్కుపోవడం మీద. బుధ గ్రహం మీద సెలీనియం తెమ్మని రోబోను పంపుతారు. ఆజ్ఞ మామూలుగా ఇచ్చారు కాబట్టి దాని బలం తక్కువ. రోబో ఖరీదైనది కాబట్టి ఆత్మరక్షణ సూత్రం బలం ఎక్కువ పెట్టారు. ముందుకు వెళ్తే ప్రమాదం, వెనక్కి వస్తే ఆజ్ఞ లాగుతుంది. దాంతో ఆ రోబో సెలీనియం మడుగు చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది. విడిపించడానికి ఒక మనిషి కావాలనే తనను ప్రమాదంలో పెట్టుకోవాల్సి వస్తుంది. విలన్ లేడు, యుద్ధం లేదు. ఉన్నవల్లా పరిమితులే.

జాగ్రత్త: పరిమితిని అవసరం పడేముందే చెప్పేయాలి. హీరో గోడ దగ్గరకు పరిగెత్తుకుంటూ వచ్చిన పేజీలో "అయితే ఒక్కసారి వింటే చెరిగిపోతుంది" అని రాస్తే అది మోసం. రెండు పేజీల ముందు, పనికిమాలిన సందర్భంలో, నవ్వులాటగా చెప్పేయండి.

4. లెక్క వేయండి

చాలామంది ఎగ్గొట్టేది ఈ మెట్టే. లెక్క కథను చంపేస్తుందని భయం. నాకైతే లెక్కలోంచే సీన్లు దొరుకుతాయి.

ఆ గదిలో రోజుకు రెండు గంటల చప్పుడు అవుతుందనుకుందాం. మూడేళ్లంటే 1,095 రోజులు, 2,190 గంటలు. ఒక మనిషి రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే దాదాపు 274 రోజులు. అంటే తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ గదిలో ఎవరూ నోరు మెదపకూడదు, మెదిపితే కొత్త పొర పడుతుంది. ముగ్గురు షిఫ్టులు వేసుకుని రాత్రింబవళ్లు కూర్చుంటే 92వ రోజుకు అయిపోతుంది. అప్పుడు అసలు ప్రశ్న: అమ్మ గొంతు వచ్చే గంటలో షిఫ్టు ఎవరిది?

ఇదంతా నేను కల్పించలేదు. కాలిక్యులేటర్ ఇచ్చింది.

అంతరిక్షం కథలు రాసేవాళ్లు ఎక్కువ కాబట్టి వాళ్లకు పనికొచ్చే కొన్ని అంకెలు:

- కాంతి, రేడియో సంకేతం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. చంద్రుడి దాకా 1.3 సెకన్లు. భూమికీ అంగారకుడికీ మధ్య దూరం సుమారు 5.5 కోట్ల కిలోమీటర్ల నుంచి 40 కోట్ల దాకా మారుతుంది కాబట్టి, మాట అటు చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు. "హలో" అంటే "హలో" వినబడటానికి ఒక్కోసారి ముప్పావు గంట. అంగారకుడితో ఫోన్‌లో పోట్లాట రాయలేరు. ఉత్తరాల్లో పోట్లాట రాయొచ్చు, అది ఇంకా బాగుంటుంది.
- 1977లో బయల్దేరిన వాయేజర్ 1 అంతరిక్ష నౌక సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరం. ఆ వేగంతో అంత దూరం పోవడానికి 70 వేల సంవత్సరాలకు పైనే పడుతుంది. మీ హీరో ఆదివారం బయల్దేరి బుధవారం చేరుతున్నాడంటే మీరు వాడుకున్న ఒక్క అబద్ధం అదే. ఇంకోటి అడగకండి.
- గుండ్రంగా తిరిగే స్టేషన్‌లో భూమి మీద ఉన్నంత బరువు అనిపించాలంటే, నిమిషానికి రెండు చుట్లు తిరిగే చక్రం వ్యాసార్ధం 224 మీటర్లు ఉండాలి. పది మీటర్లే పెడితే నిమిషానికి తొమ్మిదిన్నర చుట్లు తిరగాలి. అప్పుడు ఆరడుగుల మనిషి కాళ్ల దగ్గరకంటే తల దగ్గర బరువు 18 శాతం తక్కువ. వంగి కింద పడిన పెన్ను తీసుకుంటే చాలు, కళ్లు తిరుగుతాయి.

చివరి అంకె చూడండి. పెన్ను తీసుకోవడం అనే సీన్ ఎక్కడి నుంచి వచ్చింది? వ్యాసార్ధం నుంచి.

లెక్కలు మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి. కథలోకి ఫలితం మాత్రమే వెళ్లాలి. "2,190 గంటలు" అని కథలో ఎక్కడా రాయను, "తొమ్మిది నెలలు" అని రాస్తాను.

5. ఒక మామూలు మంగళవారం రాయండి

ఈ వస్తువు వచ్చి ఇరవై ఏళ్లయింది, అందరి దగ్గరా ఉంది. పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి దాకా హీరో కాని ఒక మనిషి రోజు రాయండి. ఒక పేజీ చాలు. రాస్తూ మూడు ప్రశ్నలు వేసుకోండి. దీంతో ఎవరి బతుకుతెరువు పోయింది? ఎవరికి కొత్త పని దొరికింది? కనిపెట్టినవాడు కల్లో కూడా అనుకోని పనికి దీన్ని ఎవరు వాడుతున్నారు?

మూడోదే బంగారం. మిస్డ్ కాల్ సంగతి చూడండి. ఫోన్ కనిపెట్టినవాళ్లు మాట్లాడటానికే కనిపెట్టారు. జనం మాట్లాడకుండా, పైసా ఖర్చు లేకుండా "వచ్చేశాను" అని చెప్పడానికి దాన్ని వాడుకున్నారు. ఏ ఇంజినీరూ కూర్చుని డిజైన్ చేసింది కాదది. మీ కల్పిత వస్తువుకు కూడా ఒక మిస్డ్ కాల్ ఉండాలి.

రేకుకు దొరికినవి: దంపతులు పోట్లాటలకు డాబా మీదికి పోతారు, అక్కడ గోడ ఉండదు కాబట్టి. అద్దె ఇళ్ల ప్రకటనల్లో "గోడలు ఖాళీ చేసి ఇవ్వబడును" అని ఉంటుంది. ఖాళీ చేసేవాడంటే జీతం తీసుకుని పరాయివాళ్ల మాటలన్నీ వినేవాడు. వాడి మనసు ఎలా ఉంటుందో ఊహించండి, వాడి మీద వేరే కథే రాయొచ్చు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇది. ఏదైనా మాటను దాచాలంటే గదిలో టీవీ పెట్టి వదిలేయడమే. నెల రోజులు ఆపకుండా మోగితే దాని మీద 720 గంటల సీరియళ్లు పేరుకుంటాయి. తవ్వాలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 90 రోజులు సీరియళ్లు వినాలి. వీధిలో నడుస్తుంటే ఏదో ఇంట్లో ఎవరూ లేకుండా టీవీ మోగుతోంది, దారిన పోయేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏ వివరణా లేకుండా పాఠకుడికి ఒళ్లు జలదరించే చోటు అది. పరిమితులు రాయకపోతే ఇది నాకు వచ్చేది కాదు.

6. పాడయ్యే తీరు

ఎలా చెడిపోతుంది, ఎవరు బాగుచేస్తారు, పాత మోడల్ ఎవరి దగ్గర ఉంది. మూడు వాక్యాలు రాసి పక్కన పెట్టుకోండి. ఎప్పుడూ మిలమిల మెరిసే వస్తువును ఎవరూ నమ్మరు. మూలలో గీత పడి, టేపు అంటించి ఉంటే నమ్ముతారు.

7. పేరు పెట్టండి

రెండు పేర్లు కావాలి. కంపెనీ పెట్టినది ఒకటి, జనం పిలిచేది ఒకటి. కథలో ఎక్కువసార్లు రెండోదే రావాలి. "ధ్వనిస్మృతి పునఃశ్రవణ యంత్రం" అని ఏ మనిషీ నోటితో అనడు. జనం "గోడచెవి" అంటారు, లేదా "చెవి పెట్టు" అంటారు.

పేరు కంటే క్రియ ముఖ్యం. కొత్త వస్తువులు మన భాషలోకి వచ్చినప్పుడు పాత క్రియనే తగిలించుకున్నాయి. దీపం ఆర్పినట్టే లైటు ఆర్పుతున్నాం. ఫోన్ "కొడతాం", మెసేజ్ "పెడతాం". మీ వస్తువుకు కూడా అలాంటి క్రియ వెతకండి. గోడను "తవ్వుతాం" అనుకున్నాను. "మొన్న మా బావ గది తవ్వించారట" అంటే మొత్తం లోకం ఒక్క ముక్కలో వచ్చేసింది.

పేరు బరువు మోయగలదనడానికి సాక్ష్యం రోబో అనే మాటే. 1920లో కారెల్ చాపెక్ రాసిన చెక్ నాటకం నుంచి వచ్చిందది. దాని మూలం "రొబోటా" అంటే వెట్టిచాకిరి. ఆ నాటకంలో రోబోలు ఎందుకు తిరగబడతాయో పేరులోనే ఉంది.

8. వివరణను సీన్‌లో కలిపేయండి

ఇదిగో, నాకు వచ్చే కథల్లో సగం ఇలా ఉంటాయి:

"నీకు తెలిసిందే కదా, ఈ గోడచెవి ధ్వని తరంగాలు గోడలో మిగిల్చిన సూక్ష్మ కంపనాలను క్వాంటం పద్ధతిలో చదువుతుంది. అయితే ఒకసారి చదివాక అవి చెరిగిపోతాయి" అన్నాడు ప్రొఫెసర్.

ఎదుటివాడికి తెలిసిందే అయితే ఎందుకు చెబుతున్నట్టు? ఇద్దరికీ తెలిసిన విషయాన్ని ఇద్దరూ మాట్లాడుకోరు. అదే సమాచారాన్ని ఇలా పెట్టి చూశాను:

అక్క తలుపు తీసి, పెదాల మీద వేలు పెట్టింది. గదిలో నేల మీద మెత్తటి దుప్పట్లు పరిచి ఉన్నాయి. అన్నయ్య గోడ పక్కనే కూర్చుని, ఒక చేత్తో రేకును గోడకు అదిమి, దాని అంచును దవడకు ఆనించుకుని ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు, చప్పుడు లేకుండా. అక్క స్టూలు మీది నోట్‌బుక్ అందుకుని రాసింది: "నిరుడు జూన్ దాకా వెళ్లాం." నేను కింద రాశాను: "ఇంకా ఎన్నాళ్లు?" తను పెన్ను లాక్కుని రాసింది: "నువ్వు తుమ్మకపోతే రెండు వందల రోజులు."

నియమాలేవీ చెప్పలేదు. కానీ వెనక్కి వెళ్తున్నారని, చాలా కాలం పడుతుందని, చప్పుడు చేస్తే చెడుతుందని పాఠకుడికి అర్థమైంది. చెరిగిపోతుందన్నది ఇంకా చెప్పాలి. దాన్ని తర్వాతి సీన్‌కు దాచుకున్నాను, "ఎందుకు నవ్వావురా?" అని అక్క బయటికొచ్చాక అడిగినప్పుడు. వాడు చెప్పలేడు, చెప్పినా అది ఇంకెవరూ వినలేరు.

ప్రత్యామ్నాయం: తెలియనివాడిని ఒకణ్ని సీన్‌లోకి తెస్తే వివరించడం తేలిక. చిన్నపిల్లాడు, కొత్తగా పనిలో చేరినవాడు, ఊరి నుంచి వచ్చిన చుట్టం. కథకు ఒకసారి వాడుకోవచ్చు. రెండోసారి తెస్తే దొరికిపోతారు.

తరచూ జరిగే తప్పులు

*చివరి పేజీలో కొత్త బటన్.* హీరో ఇరుక్కుపోగానే యంత్రానికి ఇంతదాకా లేని శక్తి పుట్టుకొస్తుంది. అది నిజంగా కావాలంటే మొదటి మూడో వంతులోకి వెళ్లి ఆ బటన్ నాటి రండి.

*క్వాంటం మంత్రం.* క్వాంటం, నానో, ఏఐ అనే మాటలను విబూదిలా చల్లడం. ఆ మాట తీసేస్తే వాక్యానికి అర్థం తగ్గకపోతే తీసేయండి.

*వస్తువు రేపటిది, అలవాట్లు నిన్నటివి.* నా ఎగిరే కార్ల కథ లాగా.

*అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదనడం.* భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గర కూడా దాదాపు 90 శాతం ఉంటుంది. వాళ్లు తేలేది నిరంతరం పడుతూ ఉండటం వల్ల.

*శూన్యంలో మనిషి పేలిపోవడం.* పేలడు. పది, పదిహేను సెకన్లలో స్పృహ తప్పుతుంది. ఆ పది సెకన్లలో ఏం చేస్తాడన్నది పేలుడు కంటే మంచి సీన్.

*"అంతరిక్షం చల్లన కాబట్టి ఇంజిన్ ఇట్టే చల్లారింది."* ఉల్టా. శూన్యంలో వేడిని మోసుకుపోయే గాలి లేదు, అది కేవలం వికిరణం ద్వారానే, అంటే కిరణాల రూపంలోనే పోవాలి. థర్మాస్ ఫ్లాస్కు గోడల మధ్య శూన్యం ఉంచేది అందుకే కదా. అంతరిక్ష కేంద్రానికి రెక్కల్లాంటి పెద్ద పెద్ద రేడియేటర్లు ఉన్నది కూడా వేడి వదిలించుకోవడానికే.

*అంగారకుడి గాలివాన.* అక్కడి వాతావరణ పీడనం మనదాంట్లో ఒక శాతం కూడా లేదు. దుమ్ము లేస్తుంది, చీకటి కమ్ముతుంది, కానీ మనిషిని ఎత్తి పడేయదు. సోలార్ పలకల మీద దుమ్ము పేరుకుని కరెంటు పోవడం రాయండి, అది నిజంగా జరిగేదే.

వీటిలో ఏదైనా తెలిసి తెలిసి తప్పితే పరవాలేదు, అదే మీ ఒక్క అబద్ధమైతే. తెలియక తప్పితేనే పాఠకుడికి అనుమానం మొదలవుతుంది.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి

మొదట పసుపు మార్కర్ తీసుకుని యంత్రాన్ని వివరించే వాక్యాలన్నిటికీ రంగు పూయండి. ఎక్కడైనా నాలుగు లైన్లకు మించి ఏకధాటిగా పసుపు కనిపిస్తే విరగ్గొట్టండి.

తర్వాత సైన్స్ ఫిక్షన్ తెలియని పాఠకుడికి కథ ఇచ్చి, చదివాక కాగితం తీసేసుకుని, "ఆ వస్తువు ఏం చేస్తుంది, ఏం చేయలేదు?" అని అడగండి. కథ బాగుందా అని అడగకండి, మొహమాటానికి బాగుందంటారు. రెండు పరిమితులైనా సరిగ్గా చెబితే పాసయినట్టే. చెప్పలేకపోతే వివరణ పెంచకండి. ఆ పరిమితి వల్ల ఎవరో ఒకరు దెబ్బతినే సీన్ పెట్టండి.

ఆఖరుది ఎర్ర పెన్ను పరీక్ష. వంకలు పెట్టే పాఠకుడికి ఎర్ర పెన్ను ఇచ్చి, "మరి ఇలా చేయొచ్చు కదా?" అనిపించిన ప్రతిచోటా "కదా" అని రాయమనండి. వాదించకండి, పక్కన కూర్చోకండి. నాకు ఈ పని మా చెల్లి చేస్తుంది. గోడ కథ మొదటి ప్రతి మీద పదకొండు "కదా"లు పెట్టి ఇచ్చింది.

ఒక్కో "కదా"కు మూడు దారులున్నాయి. పాత్ర ఆ పని ప్రయత్నించి విఫలమవడం ఒకటి. పరిమితిని సవరించడం ఇంకొకటి. లేదా ఒప్పేసుకుని కథను అటువైపు తిప్పడం, చాలాసార్లు ఇదే మంచిది. "అతనికి ఆ సంగతి తట్టలేదు" అన్నది మాత్రం దారి కాదు, చదివేవాడికి తట్టింది కాబట్టి.

చెల్లి పెట్టినవాటిలో మూడు నన్ను 3వ మెట్టుకు తిరిగి పంపాయి. "రేకు మాటలు వినిపిస్తే ఆ చప్పుడూ గోడకు ఎక్కుతుంది కదా?" నిజమే. అందుకని రేకు చప్పుడు చేయడం మానేసి, దవడ ఎముకలోంచి వినిపించడం మొదలుపెట్టింది. "దాన్ని రికార్డ్ చేసుకోవచ్చు కదా?" ఈ దెబ్బతో రెండు రోజులు కథ ముట్టలేదు. చివరికి బతికున్న మనిషి ఎముక తప్ప ఏ మైకూ పట్టలేదని నియమం పెట్టాను. దాంతో కోర్టు సీన్ మొత్తం మారిపోయింది. విన్నవాడు ఒక్కడు, అసలు చెరిగిపోయింది, ఇక వాడి మాటే సాక్ష్యం. మొదటి ప్రతిలో ఆ సీన్ ఆధారం ఎవరి దగ్గర ఉందన్న దాని మీద నడిచింది, రెండో ప్రతిలో ఎవరిని నమ్మాలన్న దాని మీద నడిచింది.

మూడోది ఎనిమిదో పేజీ అడుగున, చిన్న అక్షరాలతో ఉంది. "తొమ్మిది నెలలంటే జలుబు చేస్తుంది కదా?"

తుమ్ము అక్కడ దొరికిందే.